"దొంగ సచ్చినోడా" తిట్టా, ముద్దా? సరిహద్దు పిల్లల ఫోన్లు, కాపలా యాప్‌లు

"దొంగ సచ్చినోడా, తిన్నావేట్రా?"

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక తెలుగు మామ్మ మనవడికి ఇలా వాయిస్ మెసేజ్ పెట్టిందంటే, అందులో వాడి ఆకలి గురించిన బెంగ తప్ప మరేమీ లేదు. ఇదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, తిట్లను పసిగట్టే సాఫ్ట్‌వేర్ ముందు పెడితే మాత్రం దానికి రెండు తప్పులు దొరుకుతాయి. ఒకటి దొంగ అనడం, రెండోది చచ్చినవాడు అనడం. అదే సాయంత్రం ముక్కూమొహం తెలియని వాడొకడు పదమూడేళ్ల పిల్లకు "నీ డీపీ చాలా బాగుంది, మీ నాన్న ఇంకా సూరత్‌లోనే ఉన్నారా?" అని పంపాడనుకోండి. ఆ వాక్యంలో వెతికినా ఒక్క చెడ్డ మాట లేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని హాయిగా వదిలేస్తుంది.

పిల్లలను ఆన్‌లైన్‌లో కాపాడే యాప్‌లు తయారుచేసిన కుర్ర వ్యవస్థాపకుల కథలు పదేళ్లుగా వింటూనే ఉన్నాం. వారిలో కొందరిది నిజంగా మెచ్చుకోదగ్గ పని. కానీ యాప్ ఏ ఊళ్లో పుట్టిందో ఆ ఊరి భాష, ఆ ఇళ్ల తీరు, ఆ పోలీసు వ్యవస్థ దాని లోపల కూర్చుని ఉంటాయి. అక్కడి నుంచి ఎత్తి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో పెడితే ఏమవుతుందో చూడాలి. చూస్తే కొంచెం తలకిందులైన సంగతి బయటపడుతుంది. మాటలు చదివే యాప్‌ల కన్నా అసలు చదవడమే రాని పనిముట్లు ఇక్కడ ఎక్కువ పనికొస్తాయి.

కీబోర్డులో దాగిన సామెత

2013లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, నేపర్‌విల్‌లో ఉండే త్రిషా ప్రభు అనే 13 ఏళ్ల అమ్మాయి ఒక వార్త చదివింది. ఫ్లోరిడాలో 12 ఏళ్ల బాలిక ఆన్‌లైన్ వేధింపులు తట్టుకోలేక ప్రాణం తీసుకుంది. అప్పటిదాకా ఇలాంటి సందర్భాల్లో వినిపించే సలహాలు చాలావరకు బాధపడే పిల్లలకే. బ్లాక్ చెయ్యి, స్క్రీన్‌షాట్ దాచు, పెద్దవాళ్లకు చెప్పు. భారమంతా దెబ్బ తిన్నవాళ్ల మీదే. త్రిష ప్రశ్నను రాసేవాళ్ల వైపు తిప్పింది. ఆ మెసేజ్ పంపకముందే ఒక్క క్షణం ఆపి "ఇది ఎదుటివాళ్లను బాధపెట్టొచ్చు, పంపాలనే అనుకుంటున్నావా?" అని అడిగితే ఏమవుతుంది?

ఆ ఆలోచనే రీథింక్ అనే యాప్ అయింది. అది ఫోన్‌లో కీబోర్డుగా కూర్చుంటుంది. పిల్లవాడు ఏ యాప్‌లో టైప్ చేసినా నొప్పించే మాట కనిపిస్తే ఆగి అడుగుతుంది. అడ్డుకోదు, ఎవరికీ చాడీ చెప్పదు, పంపాలో వద్దో నిర్ణయం పిల్లవాడిదే. 2014 గూగుల్ సైన్స్ ఫెయిర్‌లో ఈ ప్రాజెక్టు ప్రపంచ ఫైనల్స్ దాకా వెళ్లింది. 2016లో, కొత్త వ్యాపారాలకు పెట్టుబడి పెట్టే అమెరికా టీవీ కార్యక్రమం షార్క్ ట్యాంక్‌లో పెట్టుబడి ఒప్పందమూ దక్కింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన ఇళ్లలో రోజూ అనుకునే మాటే ఇది. ఆ అమ్మాయి దాన్ని జారకముందే పట్టుకునే చోట పెట్టింది.

ఆమె ప్రయోగంలో వచ్చిన లెక్క చాలాచోట్ల చెప్పుకుంటారు. నొప్పించే మెసేజ్ పంపడానికి సిద్ధమైన వారి శాతం, ఒకసారి ఆపి అడిగాక 71 నుంచి దాదాపు 4కు పడిపోయింది. వినడానికి అద్భుతంగా ఉంటుంది. అయితే అది బడి పిల్లల ముందు నమూనా మెసేజ్‌లు పెట్టి "ఇది పంపుతావా?" అని అడిగి కొలిచిన సంగతి. నిజంగా కోపంలో ఉన్నవాడి వేలు స్క్రీన్ మీద ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ట్విట్టర్ లెక్క కొంత చెబుతుంది. ఇలాంటి హెచ్చరికనే పరీక్షించి, 2021లో ఆ కంపెనీ ఫలితం ప్రకటించింది. హెచ్చరిక చూసినవారిలో 34 శాతం మంది మాట మార్చుకున్నారు, లేదా పంపడమే మానేశారు. ఒక లెక్కలో తొంభైకి పైగా తగ్గుదల, ఇంకో లెక్కలో మూడో వంతు. దిశ ఒకటే, దూరం వేరు. ప్రయోగశాలకూ వీధికీ ఉండే తేడా అదే. మూడో వంతు మంది ఆగినా చిన్న సంగతేమీ కాదు.

ఇక్కడ గమనించాల్సింది, ఈ పనిముట్టులో రెండు భాగాలున్నాయి. ఒకటి ఆపడం, రెండోది ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం. మొదటిది ఏ భాషలోనైనా పనిచేస్తుంది. రెండోది భాష తెలిస్తేనే. ట్విట్టర్ కూడా ఇంగ్లీషులోనే మొదట్లో స్నేహితుల వేళాకోళానికీ అసలు దూషణకీ తేడా పట్టుకోలేక తడబడ్డామని ఒప్పుకుంది. వాళ్ల సొంత భాషలోనే ఆ పరిస్థితి.

మూడు భాషలు, ఒక వేలు

బరంపురంలో చదువుకునే ఒక తెలుగు పిల్లను ఊహించుకుంటే చాలు, సమస్య అర్థమైపోతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, అదీ ఇచ్ఛాపురం వైపు యాస. బడిలో ఒడియా, లేదా ఇంగ్లీషు. సినిమా తెలుగు, క్లాసు గ్రూపులో జోకులు ఒడియా, గేమ్‌లో ఎదురయ్యే వాళ్లతో హిందీ. తెలుగు మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరాలు రావు. కాబట్టి అన్నీ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది, ఒక్కో రోజు ఒక్కో స్పెల్లింగుతో. తెలుగులో "పిల్ల", ఒడియాలో "పిలా" రెండూ చిన్నపిల్లలనే సూచిస్తాయి. స్నేహితురాలు ఆ మాట అంటే ముద్దు, వీధి చివర నిలబడ్డ కుర్రాడు అదే మాట అంటే వెకిలితనం. చివర "రే" తగిలిస్తే చనువు, పెద్దవాళ్లకు తగిలిస్తే పొగరు.

పైగా తెలుగులో గట్టిగా నొప్పించాలంటే తిట్టు మాటే అక్కర్లేదు. "నీ మొహానికి ఇదొకటా?" అన్న వాక్యాన్ని ముక్కలు చేసి చూడండి. మొహం తప్పు మాట కాదు, ఇదొకటా తప్పు మాట కాదు. విషమంతా చివరి సాగదీతలో ఉంది. "నవ్వలేక చచ్చిపోయాను" అన్నది సంతోషం, "నువ్వు చచ్చిపో" అన్నది ఘోరం, రెండింటిలోనూ ఉన్నది ఒకే క్రియ. పదాల జాబితా పెట్టుకుని వెతికే యాప్ మొదటిదానికి గంట కొట్టి, "నీ మొహానికి" దగ్గర నిద్రపోతుంది. నాలుగు సార్లు అనవసరంగా గంట కొడితే ఐదోసారి ఏ పిల్లా ఆ గంట వినదు. తప్పుడు హెచ్చరికల అసలు నష్టం ఇదే.

పదాల జాబితా కాకుండా ఉదాహరణల నుంచి నేర్చుకునే పద్ధతి దీనికన్నా మెరుగు. అమెరికాలోని కొలరాడో అమ్మాయి గీతాంజలి రావు, 2020లో టైమ్ పత్రిక తొలి "కిడ్ ఆఫ్ ది ఇయర్"గా ఎంచుకున్న బాలిక, చేసిన కైండ్లీ అనే, వేధింపు మాటలను పసిగట్టే పనిముట్టు ఆ దారిలోదే. తర్వాత యూనిసెఫ్ దాన్ని ఎవరైనా వాడుకోగలిగే ఓపెన్‌సోర్స్ పనిముట్టుగా ముందుకు తీసుకెళ్లింది. అంటే సూత్రరీత్యా గంజాం తెలుగును కూడా దానికి నేర్పవచ్చు. నేర్పాలంటే వేలకొద్దీ నిజమైన మెసేజ్‌లు కావాలి, వాటిలో ఏది ఏడిపించడమో ఏది ఆటపట్టించడమో గుర్తుపెట్టే స్థానికులు కావాలి. హైదరాబాద్‌లో కూర్చున్న వాళ్లకు "గుంట" అంటే గొయ్యి, శ్రీకాకుళం వాళ్లకు పిల్ల. ఇక్కడి పిల్లల మాటకు అర్థం ఇక్కడివాళ్లే చెప్పగలరు.

పర్లాకిమిడికి ఈ వాదన కొత్తదేమీ కాదు. గిడుగు వెంకట రామమూర్తి ఆ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, పక్క కొండల్లోని సవరల దగ్గరికి వెళ్లి వాళ్ల నోటి నుంచే సవర భాష నేర్చుకున్నారు. జనం మాట్లాడే తీరులోనే రాయాలని పట్టుబట్టారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. ఆయన వెళ్లిపోయారు గానీ తెలుగు మాట్లాడే వీధులు అక్కడే ఉండిపోయాయి. ఆ వీధుల మాటను యంత్రానికి నేర్పే పని ఆయన చేసిన పనిలాంటిదే. అది డబ్బు తెచ్చే పని కాకపోవడం వల్ల స్టార్టప్‌లు దాని జోలికి రావడం కష్టం.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. అక్షరాలు రాని చోట పిల్లలు టైప్ చేయడం మానేసి మైక్ గుర్తు నొక్కి మాట్లాడేస్తారు. కీబోర్డు యాప్‌కు ఆ మాట వినపడదు. ఎంత తెలివైన కీబోర్డయినా వాయిస్ మెసేజ్ ముందు చెవిటిదే.

తీపి మాటల వైపు

తోటి పిల్లల తిట్లు, గ్రూపులోంచి తీసేయడాలు, ఫొటో మీద వెక్కిరింతలు మనసును గాయపరుస్తాయి. వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే సరిహద్దు జిల్లాల్లోని ఇళ్లకు ఇంకో రకం ప్రమాదం దగ్గరగా ఉంది. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లడం దశాబ్దాల నాటి సంగతి. పన్నెండు గంటల షిఫ్టు చేసే తండ్రికి ఇంటితో ఉన్న బంధమంతా రాత్రిపూట ఒక వీడియో కాల్. ఇంట్లో అమ్మ, లేకపోతే తాతా మామ్మా. ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పిల్ల చేతిలోనే ఎక్కువసేపు ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో దాన్ని బాగా వాడడం వచ్చింది ఆ పిల్లకే.

పిల్లలను వలలో వేసుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇలాంటి ఇల్లు. వాళ్లు తిట్టరు. గేమ్‌లో రెండు సార్లు గెలిపిస్తారు, రీల్‌కు లైక్ కొడతారు, రీచార్జ్ చేయిస్తామంటారు. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడుగుతారు. "ఇది మనిద్దరి మధ్యే" అంటారు. కొన్నాళ్లకు ఒక ఫొటో అడుగుతారు. అది చేతికి రాగానే గొంతు మారుతుంది. ఇంకో ఫొటో పంపకపోతే మీ నాన్నకు పెడతాను, యూపీఐలో రెండు వేలు వేయకపోతే మీ క్లాసు గ్రూపులో పెడతాను. ఇది మొదలైనప్పటి నుంచి ఆ బెదిరింపు వచ్చేంతవరకు, మాటలు చదివే యాప్‌కు పట్టుబడే వాక్యం ఒక్కటీ రాకపోవచ్చు. అప్పటికి ఫొటో వెళ్లిపోయి ఉంటుంది.

ఇలాంటి చోటే చదవడం రాని పనిముట్ల అవసరం మొదలవుతుంది.

2009లో మైక్రోసాఫ్ట్, అప్పుడు డార్ట్‌మత్ కాలేజీలో ఉన్న ప్రొఫెసర్ హనీ ఫరీద్ కలిసి ఫొటోడీఎన్ఏ అనే పద్ధతి తయారుచేశారు. ఫొటోను నలుపు తెలుపుకు మార్చి, ఒకే కొలతకు తెచ్చి, చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో వెలుగునీడల తేడాను అంకెగా మారుస్తుంది. చివరికి ఒక పొడవాటి అంకెల వరుస మిగులుతుంది. అది ఆ ఫొటో వేలిముద్ర లాంటిది. వేలిముద్ర నుంచి మనిషిని గీయలేనట్టే ఆ అంకెల నుంచి ఫొటోను తిరిగి తయారుచేయలేమని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఫొటో సైజు మార్చినా, కాస్త రంగు మార్చినా ముద్ర దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి అదే ఫొటో మరోచోట కనబడగానే పట్టుకోవచ్చు. దానికి తెలుగు రానక్కర్లేదు, ఒడియా రానక్కర్లేదు.

ఈ తరహా ముద్రలనే పిల్లల చేతికి ఇచ్చింది 2023లో అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం మొదలుపెట్టిన టేక్ ఇట్ డౌన్ సేవ. 18 ఏళ్లలోపు ఉన్నప్పుడు తీసిన తమ నగ్న ఫొటో బయటికి వెళ్లిందనో వెళ్తుందనో భయపడే పిల్లలు ఆ ఫొటోను తమ ఫోన్‌లోనే ఎంచుకుంటారు. ఫొటో ఎక్కడికీ పోదు. దాని ముద్ర ఒక్కటే వెళ్తుంది. పేరు కూడా అడగరు. ఆ ముద్రల జాబితాను తీసుకున్న ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలు తమ దగ్గర అదే ఫొటో కనిపిస్తే తీసేస్తాయి. నాన్నకు చెప్పలేక, టీచరుకు చెప్పలేక, పోలీసు స్టేషన్ వైపు చూడలేక నలిగిపోయే పిల్లకు అర్ధరాత్రి చేయగలిగిన పని ఒకటి ఉందని తెలియడమే ఎంతో ఊరట.

దీనికీ హద్దు ఉంది. ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని తాళం, ఉన్న వాట్సాప్ చాట్ లోపలికి ఈ ముద్ర వెళ్లి వెతకలేదు. మన ప్రాంతంలో ఫొటోలు తిరిగేది ఎక్కువగా అక్కడే. పైగా జాబితాలో చేరిన ఫొటోనే అది గుర్తుపడుతుంది, కొత్తగా తీసిన ఫొటోను కాదు. కొత్త ఫొటోల సంగతి చూసే పద్ధతి వేరే ఉంది. ఫోన్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రాం, బొమ్మలో నగ్నత్వం ఉందని అనుమానిస్తే మసకబార్చి "చూస్తావా? పంపుతావా? ఒకసారి ఆలోచించు" అంటుంది. ఆపిల్ 2021 చివర్లో ఐఫోన్లలో ఇది తెచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2024లో ప్రైవేటు మెసేజ్‌లకు తెచ్చి, 18 లోపు వాళ్లకు ముందే ఆన్ చేసి ఇస్తోంది. త్రిషా ప్రభు మాట దగ్గర పెట్టిన ఆ ఆగు, ఇక్కడ బొమ్మ దగ్గరికి చేరింది. ఆపాల్సిన క్షణం తెలుసుకోవడానికి యాస అడ్డురాదు కాబట్టి ఇక్కడ నిలబడుతుంది.

నిలబడాలంటే ఒక షరతు ఉంది. ఎదుట ఉన్నది పిల్ల అని ఫోన్‌కు తెలియాలి.

అమ్మ పేరుతో ఉన్న పిల్ల

ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో జీమెయిల్ అమ్మది, ఇన్‌స్టా ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన పుట్టిన తేదీ ఏదో గుర్తులేదు గానీ పెద్దవాళ్లదే. ఆ కంపెనీ లెక్కలో ఫోన్ వాడుతున్నది ముప్పై ఎనిమిదేళ్ల మహిళ. 2024 సెప్టెంబరులో మొదలై 2025లో మన దేశానికి వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లు అపరిచితుల మెసేజ్‌లను ఆపుతాయి, 16 లోపు వాళ్లు ఆ కట్టడిని సడలించాలంటే పెద్దల అనుమతి అడుగుతాయి. మంచి ఏర్పాటే. ముప్పై ఎనిమిదేళ్ల మహిళకు అవేవీ వర్తించవు. గూగుల్ ఫ్యామిలీ లింక్ కూడా ఇంతే. పిల్లకు సొంత ఖాతా ఉంటే సూరత్‌లో ఉన్న తండ్రి తన ఫోన్ నుంచే ఏ యాప్ దించుకోవచ్చో, రాత్రి ఎన్నింటికి ఫోన్ లాక్ అవ్వాలో నిర్ణయించగలడు. వలస ఇంటికి నిజంగా పనికొచ్చే సదుపాయం అది. కానీ ఆ ఫోన్ అమ్మది, పిల్లది కాదు. రాత్రి తొమ్మిదికి లాక్ పడితే నాన్న వీడియో కాల్ కూడా అప్పుడే ఆగిపోతుంది.

మార్కెట్లోని పిల్లల భద్రతా యాప్‌లు చాలావరకు "ఒక పిల్ల, ఒక ఫోన్" అన్న ఊహ మీద కట్టినవే. ఒకే ఫోన్ మీద నలుగురు బతికే ఇంటికి కావలసింది వేరే. ఫోన్ తెరిచిన వేలిముద్రను బట్టి పిల్లల గదిలోకో పెద్దల గదిలోకో తీసుకెళ్లే ఏర్పాటు లాంటిది. ఆండ్రాయిడ్‌లో వేర్వేరు యూజర్లు పెట్టుకునే సదుపాయం ఎప్పటి నుంచో ఉంది, కొన్ని చవక ఫోన్లలో కంపెనీలు దాన్ని తీసేస్తాయి. బరంపురం నుంచో జయపురం నుంచో ఒక కుర్ర ఇంజినీరు ఏదైనా చేయాలనుకుంటే, ఇంకో తిట్ల యాప్ కన్నా ఇది ముందు చేయదగ్గది.

చెప్పుకునే దారి

పిల్లలను కాపాడే సాంకేతికత అనగానే అందరి చూపూ పసిగట్టడం మీదే ఉంటుంది. పసిగట్టాక ఎవరికి చెప్పాలన్నది రెండో ప్రశ్నగా మిగిలిపోతుంది. దీన్ని మొదటి ప్రశ్న చేసినవాడు బంగ్లాదేశ్‌లోని నరైల్ అనే చిన్న జిల్లా కుర్రాడు సాదత్ రహ్మాన్. వేధింపుల వల్ల 15 ఏళ్ల అమ్మాయి ఆత్మహత్య చేసుకుందని తెలిసి సైబర్ టీన్స్ అనే యాప్ చేశాడు. అందులో గొప్ప ఏఐ ఏమీ లేదు. పిల్ల తన కష్టాన్ని గుట్టుగా చెప్పుకుంటుంది, యాప్ వెనక ఉన్న కుర్ర వాలంటీర్లు వింటారు, అవసరమైతే పోలీసులకూ కౌన్సెలర్లకూ చేరవేస్తారు. 2020 నవంబరులో, 17 ఏళ్ల వయసులో అంతర్జాతీయ బాలల శాంతి బహుమతి అందుకునే నాటికి 300 మందికి పైగా బాధితులకు సాయం అందిందని, ఎనిమిది మంది అరెస్టయ్యారని వార్తలు వచ్చాయి. 2022లో షార్క్ ట్యాంక్ ఇండియాలో కనిపించిన గురుగ్రామ్ బాలిక అనౌష్క జాలీ కవచ్ యాప్ కూడా పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే దారే, కాకపోతే అది బడి వైపు వెళ్తుంది.

నరైల్‌లో ఒకే భాష, ఒకే జిల్లా పోలీసు. ఇక్కడ పిల్ల బరంపురంలో, బెదిరించేవాడు ఇచ్ఛాపురంలోనో విశాఖలోనో, అసలు ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు. మా పరిధి కాదన్న మాట ఇక్కడ సరిహద్దు గేటంత పాతది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం)లోని 173వ సెక్షన్ ఈ మాటకు అవకాశం లేకుండా చేసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకుని నమోదు చేయాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. అయితే ఐటీ చట్టం కింద దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్, లేదా ఆపై హోదా అధికారి. ఎస్సై ఒక్కరే ఉండే కొండ స్టేషన్‌లో కేసు నమోదైనా ముందుకు కదలాలంటే పైకి వెళ్లాల్సిందే.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టంలో సరిహద్దు తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫిర్యాదు రాస్తున్న భాష పిల్లకు అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలని 19వ సెక్షన్ చెబుతుంది. అంటే ఒడియాలో రాసిన కాగితం మీద, అందులో ఏముందో తెలియకుండా తెలుగు పిల్ల సంతకం పెట్టాల్సిన పనిలేదు. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదని, పిల్ల ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలని 24వ సెక్షన్ చెబుతుంది. ఇంట్లో కూర్చునే ఫిర్యాదు చేయాలంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, పిల్లల లైంగిక దోపిడీకి సంబంధించిన ఫిర్యాదును అందులో పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, డబ్బు పోతే వెంటనే 1930. మనసు కుంగిపోయి మాట్లాడుకోవడానికి 14416, అక్కడ తెలుగు కూడా ఉంది.

పెద్దవాళ్లు కంగారులో చేసే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. సాక్ష్యం కదా అని ఆ ఫొటోను బంధువుల గ్రూపులో పెట్టడం, ఊరి పెద్దకు పంపడం. పిల్లల అలాంటి చిత్రాలను పంపడం ఎప్పటి నుంచో నేరమే. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత వాటిని చూడడం, దాచుకోవడం విషయంలోనూ చట్టం మరింత గట్టిపడింది. చాట్ స్క్రీన్‌షాట్లు, అవతలివాడి ఐడీ, నంబరు, డబ్బు పంపిన వివరాలు దాచుకుంటే చాలు.

డబ్బు కట్టేది ఎవరు?

ఇలాంటి యాప్‌కు నెలనెలా చందా కట్టేది తండ్రి. వాడేది పిల్ల. ఈ రెండు వాక్యాల మధ్య దూరంలోనే చాలా భద్రతా యాప్‌లు పాడైపోతాయి. డబ్బు కట్టేవాడికి నచ్చాలి కాబట్టి పిల్ల ఎవరితో మాట్లాడింది, ఏం వెతికింది, ఎక్కడుంది అన్నీ తండ్రి ఫోన్‌లో చూపిస్తాయి. అది కాపలా నుంచి గూఢచర్యంలోకి జారిపోవడానికి ఎంతో సమయం పట్టదు. పైగా కీబోర్డు యాప్ అంటే అది పిల్ల కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగలదు, అమ్మ ఫోన్‌లో అయితే అమ్మ బ్యాంకు పాస్‌వర్డు కూడా.

చట్టం కూడా ఇక్కడ గట్టిగానే ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని రుజువుతో సహా పొందాలి, పిల్లల ప్రవర్తనను వెంబడించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం నిషేధం. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. భద్రత కోసం కొన్ని మినహాయింపులున్నా, పిల్లల మెసేజ్‌లన్నీ తన సర్వర్‌కు తెచ్చుకుని చదివే కుర్ర స్టార్టప్‌కు ఇది కత్తి మీద సాము. ఫొటోనూ మెసేజ్‌నూ ఫోన్ దాటించని పనిముట్లకు ఈ బెడద తక్కువ. ముద్రలు, మసకబార్చడం, ఆపి అడగడం, ఈ మూడూ ఆ కోవలోవే.

చెప్పుకునే దారికి మాత్రం మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. సాదత్‌కు వాలంటీర్లు ఉన్నారు, బహుమతి గుర్తింపు ఉంది. గంజాంలో అలాంటిది ఎవరైనా పెడితే చందా భారం తండ్రి మీద కాకుండా బడి మీదో పంచాయతీ మీదో ఉండేలా చూడాలి. అప్పుడే అది పిల్ల వైపు నిలబడుతుంది. యాప్ మొదటి రోజే పిల్లను అడగాల్సిన ప్రశ్న ఒకటే: నీకు ఏమైనా అయితే ఎవరికి తెలియాలి? ఆ పేరును పిల్లే గొంతుతో చెప్పనివ్వాలి, టైప్ చేయమనకూడదు. చాలా ఇళ్లలో ఆ పేరు నాన్నది కాదు, అమ్మది కూడా కాకపోవచ్చు. చెబితే ఫోన్ లాక్కుంటారు, బడి మాన్పించేస్తారు, పెళ్లి మాట ఎత్తుతారు అన్న భయం ఉంటుంది. ఆ పేరు పాతపట్నంలో ఉండే మేనత్తది కావచ్చు. పక్క వీధిలో నర్సింగ్ చదువుతున్న అక్కది కావచ్చు. వాళ్ల ఫోన్‌కు తెలుగులో, పిల్ల గొంతులో ఒక వాయిస్ మెసేజ్ చేరితే చాలు. నాన్నకు ఎప్పుడు ఎలా చెప్పాలో ఆ మేనత్తే చూసుకుంటుంది.